ఛలో లేహ్... సైకిళ్ల మీద!

సెలవులొస్తే కుటుంబమంతా కారులో ఊటీ వెళ్లడం మామూలే. అదే మనాలి నుంచి లేహ్‌కి సైకిళ్ల మీద బృందంగా బయల్దేరితే? 400 కిలోమీటర్ల పైచిలుకు దారి, అయిదు కనుమలు. సామానంతా వెనక వ్యాన్‌లో వస్తుంది కాబట్టి తొక్కడం తేలికే (గాటా లూప్స్‌లో 21 మలుపులు ఎక్కేదాకా!). అసలు పరీక్ష పల్చటి గాలితోనే. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యుల మాట. జిస్పా, సర్చు మజిలీల మధ్య తేడానే వెయ్యి మీటర్లు! నాన్న కాళ్లలో ఎంత సత్తువున్నా మధ్యలో ఆగాల్సిందే. తలనొప్పి మొదలైతే పైకి కదలకూడదు, ముదిరితే కిందికి దిగిపోవాలి. చిక్కేమిటంటే, తమవల్ల అందరూ ఆగిపోతారని పిల్లలు ఆ మాట చెప్పరు. దారిలోని డేరా హోటల్లో వేడివేడి మ్యాగీ పెట్టినా వద్దంటున్నారంటే అమ్మ అనుమానించాల్సిందే.