బోల్టు ఎంత బిగించాలో చెప్పాల్సిందే

పోర్షే 944 ఇంజన్ అడుగున ఆయిల్ కారుతుంటే చాలామంది బయటినుంచి సిలికాన్ పూసి ఊరుకుంటారు. నేను ఒప్పుకోను. ఆయిల్ పాన్, అదే మన షెడ్లలో చాంబర్ అనేది, కిందికి దించాల్సిందే. మసాచుసెట్స్‌లో మా ఇంటి గరాజ్‌లో నా 1987 మోడల్ కారుకు మొన్న చలికాలంలో ఆ పనే చేశాను.

దించడం తేలిక కాదు. పాన్ కిందుగా క్రాస్‌మెంబర్ అడ్డంగా ఉంటుంది, స్టీరింగ్ ర్యాక్ దానికే బిగించి ఉంటుంది. ముందు ఇంజన్‌ను పైనుంచి సపోర్ట్ బార్‌కు వేలాడదీయాలి. మౌంట్ల నట్లు తీసి, స్టీరింగ్ షాఫ్ట్ విడదీసి, కంట్రోల్ ఆర్మ్‌లు వదులు చేస్తేగాని క్రాస్‌మెంబర్ కిందికి రాదు. అదొచ్చాకే పాన్ బోల్టులన్నిటికీ చేయి అందుతుంది. రబ్బరు గ్యాస్కెట్ ఖరీదు కొంచెమే, శ్రమ మాత్రం వారాంతాలను మింగేస్తుంది. అందుకే మెకానిక్కులు సిలికాన్ ట్యూబు వైపు చూస్తారు.

అయితే పాన్ దించితే దక్కేది కొత్త గ్యాస్కెట్ ఒక్కటే కాదు. కింద పడుకుని చూస్తే క్రాంక్‌షాఫ్ట్, రాడ్ బేరింగులు కళ్లెదుటే ఉంటాయి. 944కు తెలిసిన జబ్బు రెండో సిలిండర్ రాడ్ బేరింగ్. వేగంగా మలుపు తిరిగేటప్పుడు ఆయిల్ సరిగా అందక ముందుగా దెబ్బతినేది అదే. నా కారులో ఆ బేరింగ్ షెల్ మీద బూడిద రంగు పూత చెరిగి, లోపలి రాగి బయటపడింది. కారు మాత్రం అప్పటిదాకా ఏ శబ్దమూ లేకుండా చక్కగా నడుస్తోంది! నాలుగు రాడ్లకూ కొత్త షెల్స్ వేశాను. పైన సిలికాన్ పూసి ఉంటే ఆ రాగిని ఎవరు చూసేవారు?

తిరిగి బిగించేటప్పుడే అసలు జాగ్రత్త. గ్యాస్కెట్ మెత్తటిది. బలం కొద్దీ బిగిస్తే నలిగి పక్కకు జారుతుంది, మళ్లీ కారుతుంది. బిగింపు 8 న్యూటన్ మీటర్లు మించకూడదు. ఈ అంకె చేతి అంచనాతో తెలిసేది కాదు, కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. 1991లో తయారీ ఆగిపోయిన కారుకు ఆ మాన్యువల్ ఇప్పటికీ దొరుకుతోంది, విడిభాగాలూ దొరుకుతున్నాయి. గరాజ్‌లో వెల్లకిలా పడుకున్న నాలాంటివాడు ఇంజన్ కాపాడుకోగలిగాడంటే కారణం అదే.

ఇవాళ్టి బండ్లలో ఆ సమాచారం పుస్తకంలోంచి కంప్యూటర్‌లోకి వెళ్లి, తాళం వేసుకుంది. మా మసాచుసెట్స్ ఓటర్లు 2012లో, మళ్లీ 2020లో ఆ తాళం తీయించే మరమ్మతు హక్కుకు భారీ మెజారిటీతో ఓటేశారు. రెండోసారి గెలిచిన చట్టం మీద కార్ల కంపెనీల కూటమి కోర్టుకెక్కింది, అమలు ఏళ్ల తరబడి నలిగింది. జనం ఇంత స్పష్టంగా అడిగినదాన్ని ఇలా నాన్చడం అన్యాయం.

మన దేశంలో ఈ తగువు కార్లతో ఆగదు. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు వచ్చాయి, వాటితో పాటు ఇంజన్లలోకి ఎలక్ట్రానిక్స్ వచ్చాయి. పొగ తగ్గడం మంచిదే. కానీ తెనాలి దగ్గర మా బావమరిది ట్రాక్టరు పనుల రోజుల్లో ఎర్ర లైటు వెలిగించి మొరాయిస్తే, ఊళ్లో పాతికేళ్ల అనుభవమున్న మేస్త్రి కూడా చేతులెత్తేశాడు. లోపమేమిటో చెప్పే ల్యాప్‌టాప్ కంపెనీ మనిషి దగ్గరే ఉంది. ఆయన వచ్చేదాకా బండి చెట్టు కిందే.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, వాహనాలు రెండూ దాని పరిధిలో ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో కంపెనీలు మరమ్మతు వివరాలు పెట్టే పోర్టల్ కూడా తెరిచింది. మంచి మొదలు. అయితే కంపెనీ ఇష్టపడి పెట్టిన వివరాలతో మేస్త్రికి పని జరగదు. వర్క్‌షాప్ మాన్యువల్, బిగింపు కొలతలు, ఎర్రర్ కోడ్ చదివే సాఫ్ట్‌వేర్, ఈ మూడింటినీ కొన్నవాడికీ అతను నమ్మిన మెకానిక్కుకూ న్యాయమైన ధరకు ఇచ్చి తీరాలని చట్టం చెయ్యాలి. తెలుగులో ఇవ్వాలని కూడా అందులో రాయాలి.