మత్తు కావాలా, వద్దా? ఆవిడనే అడగండి

"రేపు పరగడుపున రండి, ఎండోస్కోపీ చేసి చూద్దాం" అని డాక్టరు చీటీ మీద రాసిచ్చారంటే చాలు, మన ఇళ్ళల్లో చాలామంది ఆడవాళ్ళకి ఆ రాత్రి నిద్ర పట్టదు. గొంతులోంచి గొట్టం దింపుతారట, ఊపిరాడదట, ప్రాణం పోయినంత పనవుతుందట అని ఒకరంటారు. అబ్బే, మత్తిచ్చేస్తారు, ఏమీ తెలీదు అని ఇంకొకరు. మత్తా! వద్దే తల్లీ, మా తోటికోడలి చెల్లెలికి మత్తు వికటించింది అని మరొకరు. ఇన్ని మాటల్లో అసలు సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఈ పరీక్షకి మత్తుతో ఒక దారి, మత్తు లేకుండా ఒక దారి ఉన్నాయనీ, ఏ దారిన వెళ్ళాలో డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవలసింది బల్ల మీద పడుకోబోయే మనిషేననీ.

ముందు పరీక్ష సంగతి చూద్దాం. మనం మామూలుగా ఎండోస్కోపీ అనేది అన్నవాహికనీ, జీర్ణాశయాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ లోపలి నుంచి చూసే పరీక్ష. ఇంచుమించు చిటికెన వేలంత లావున్న గొట్టం, ఎటు తిప్పితే అటు వంగుతుంది. దాని చివర చిన్న దీపం, కెమెరా ఉంటాయి. ఊరికే చూడటానికైతే అయిదు నుంచి పది నిమిషాల పని. అవసరమైతే అదే గొట్టంలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఆ ముక్క తీసినప్పుడు నొప్పి తెలీదు.

ఈ గొట్టానికి పెద్ద కథే ఉంది. 1868లో జర్మనీలో కుస్‌మౌల్ అనే వైద్యుడు తిన్నటి లోహపు గొట్టంతో జీర్ణాశయంలోకి చూడటానికి కత్తులు మింగే గారడీవాణ్ణి పిలిపించుకోవలసి వచ్చింది. మామూలు మనిషి మింగగలిగేది కాదు మరి! 1957లో అమెరికాలో బాసిల్ హిర్షోవిట్జ్ అనే డాక్టరు గాజు పోగులతో చేసిన, వంగే గొట్టాన్ని ముందు తన గొంతులోకే దింపుకుని చూసుకున్నారు. ఆ తరవాతే రోగికి వేశారు. మన దగ్గరా ఈ విద్య ఎంతో ముందుకెళ్ళింది. హైదరాబాదుకి చెందిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి గారికి జీర్ణకోశ వైద్యంలో, ముఖ్యంగా ఎండోస్కోపీలో చేసిన కృషికి 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ వచ్చాయి. పరికరం ఇంత మెరుగుపడింది. బల్ల మీద పడుకున్న మనిషిని "అమ్మా, మీకెలా కావాలి?" అని అడగడం మాత్రం ఇంకా అన్నిచోట్లా అలవాటు కాలేదు.

మత్తు లేకుండా అంటే ఏం జరుగుతుంది? గొంతులో లిగ్నోకెయిన్ స్ప్రే కొడతారు. చేదుగా ఉంటుంది. కాసేపటికి గొంతు మొద్దుబారి, ఉమ్ము కూడా మింగలేమేమో అనిపిస్తుంది. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, గొట్టాన్ని కొరకకుండా పళ్ళ మధ్య ప్లాస్టిక్ ముక్క పెడతారు. గొట్టం కొండనాలుక దాటి గొంతులోకి దిగే ఆ కాసేపే అసలు ఇబ్బంది. డోకు వస్తుంది, కళ్ళవెంట నీళ్ళు కారతాయి, చొంగ కారుతుంది. లోపలికి గాలి పంపుతారు కాబట్టి కడుపు ఉబ్బరించి తేన్పులొస్తాయి. అక్కడ సిగ్గుపడాల్సిందేమీ లేదు, అందరికీ అంతే. చొంగని మింగాలని చూడకుండా పక్కకి వదిలేయాలి. అన్నిటికంటే ముఖ్యం, గొట్టం వెళ్ళేది అన్నం వెళ్ళే దారిలోకి, ఊపిరి దారిలోకి కాదు. నింపాదిగా ఊపిరి తీసుకుంటూనే ఉండొచ్చు. ఈ ఒక్క మాట ముందుగా చెప్పినా సగం భయం తగ్గుతుంది.

అయిపోయాక గొంతు మొద్దు వదిలేదాకా, అంటే అరగంట నుంచి గంట దాకా, ఏమీ తినకూడదు, తాగకూడదు. తరవాత లేచి ఇంటికి వెళ్ళిపోవచ్చు. డాక్టరు చెప్పే నాలుగు మాటలూ మన చెవులతో మనమే వినొచ్చు, అడగాల్సింది అడగొచ్చు. ఇదీ చిన్న లాభం కాదు.

మత్తుతో అంటే చేతి నరానికి సూది ద్వారా మందిస్తారు. మిడాజోలామ్ లాంటి మందు మోతాదుగా ఇస్తే కునుకులాగా ఉంటుంది. పిలిస్తే పలుకుతారు కానీ, తరవాత చాలామందికి జరిగింది గుర్తుండదు. ప్రొపోఫాల్ లాంటిదైతే ఇంకా గాఢమైన నిద్ర. దానికి మత్తు ఇవ్వడంలో తర్ఫీదు పొందిన డాక్టరు పక్కనే ఉండి నాడినీ, రక్తపోటునీ, రక్తంలో ఆక్సిజన్‌నీ కనిపెట్టుకుని ఉండాలి. ఊపిరి మందగించడం, రక్తపోటు పడిపోవడం మత్తులో జరగొచ్చు. సరైన కనిపెట్టుబాటు ఉంటే చాలామందికి ఏ ప్రమాదమూ లేకుండా గడిచిపోతుంది. అయినా గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, బాగా గురక పెట్టి నిద్రలో ఊపిరాగే ఇబ్బంది, స్థూలకాయం ఉన్నవాళ్ళూ, గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ ఆ సంగతి ముందే చెప్పి తీరాలి. తరవాత ఇరవై నాలుగు గంటలు బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు, ఇంటికి తీసుకెళ్ళడానికి తోడు కావాలి. మరిగే నూనె, కత్తిపీట జోలికి కూడా ఆ రోజుకి వెళ్ళకపోవడమే మంచిది.

ఇక్కడే మన ఆడవాళ్ళ లెక్కలు మొదలవుతాయి.

"మత్తిస్తే సాయంత్రం దాకా పడుకోవాలిట. మరి పిల్లలొచ్చేసరికి టిఫిన్?" "తోడు కావాలంటే ఆయన సెలవు పెట్టాలి. ఎందుకొచ్చిన గొడవ, నేనే ఆటోలో వెళ్ళొచ్చేస్తా." "మత్తుకి వేరే డబ్బు కట్టాలిట. ఆ డబ్బుంటే అబ్బాయి ట్యూషన్ ఫీజుకొస్తుంది." ఇలా వంటిల్లూ, సెలవూ, ఫీజూ అన్నీ లెక్కలోకొస్తాయి. తన గొంతు, తన గుండె దడ, తన భయం మాత్రం లెక్కలోకి రావు. చివరికి "నాకు మత్తక్కర్లేదండీ" అంటుంది. పక్కనున్నవాళ్ళు "మా ఆవిడ ధైర్యస్తురాలు" అని మెచ్చుకుంటారు. అది ధైర్యమో, గతి లేక చేసుకున్న సర్దుబాటో ఎవరూ అడగరు.

పైగా మన ఓర్పు మీద మనవాళ్ళకి ఎంత నమ్మకమో! "ఇద్దరు పిల్లల్ని కన్నదానివి, ఈ అయిదు నిమిషాలొక లెక్కా?" అంటారు అత్తగారు. నిజమే, కన్నది. అయితే మాత్రం? పురిటి నొప్పులు పడ్డ మనిషికి డోకు రాకుండా పోతుందా? ఒక బాధ ఓర్చుకుంది కాబట్టి మిగతా బాధలన్నీ ఆవిడ ఖాతాలో వేసేయొచ్చనుకోవడం ఏం న్యాయం?

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆవిడ నోరు విప్పకముందే "దానికి భయం సార్, మత్తిచ్చేయండి" అని భర్తో కొడుకో తేల్చేస్తారు. కొన్నిచోట్ల మత్తు బిల్లులో కలిసే వస్తుంది. రద్దీగా ఉండే చోట గొంతులో స్ప్రే కొట్టి వరసలో పంపేస్తారు. మత్తు వద్దన్నా, ఇమ్మన్నా, మాట ఆవిడది కాకపోతే రెండూ ఒకటే.

ఇది మర్యాద కోసం అంటున్న మాట కాదు, చట్టం మాట కూడా. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. నలభై నాలుగేళ్ళ ఒక స్త్రీ పరీక్ష కోసం ఆస్పత్రికి వెళ్ళింది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. తెలివిడి గల వయోజనురాలికి బదులు, ప్రాణాపాయం లేనప్పుడు, తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని కోర్టు తేల్చి చెప్పింది. చేయబోయేదేమిటి, దాని లాభమేమిటి, ప్రమాదమేమిటి, వేరే మార్గాలేమిటి అన్నది రోగికి చెప్పాలనీ, పరీక్షకి ఒప్పుకున్నంత మాత్రాన చికిత్సకి ఒప్పుకున్నట్టు కాదనీ చెప్పింది. గర్భసంచీ అంత పెద్ద విషయానికి వర్తించిన న్యాయం పది నిమిషాల గొట్టానికి మాత్రం ఎందుకు వర్తించదు? "ఇక్కడ సంతకం పెట్టించండి" అని కాగితం భర్త చేతికిచ్చినప్పుడు, "ఇలా ఇవ్వండి, నేను చదువుకుని పెడతాను" అనడం పెంకితనం కాదు.

మరి ఏది మంచిది? అందరికీ ఒకటే జవాబు లేదు. మత్తు లేకుండా చేయించుకోవడానికి నిజమైన కారణాలున్నాయి. మత్తు పడని ఆరోగ్యం, ఒంటరిగా ఉండటం, మధ్యాహ్నానికి మళ్ళీ ఆఫీసుకో బడికో వెళ్ళాలనుకోవడం, ఏం జరుగుతోందో తెలుస్తూ ఉండాలనిపించడం. ఊరికే చూసే పరీక్షని ఇలా చేయించుకుని "ఇంతేనా, దీనికా రాత్రంతా బెంగపెట్టుకున్నాను!" అనుకుంటూ లేచినవాళ్ళు ఎంతోమంది. వయసు మళ్ళినవాళ్ళు సాధారణంగా చిన్నవాళ్ళ కంటే తేలిగ్గా తట్టుకుంటారు కూడా.

మత్తు కోరుకోవడానికీ అంతే నిజమైన కారణాలున్నాయి. పళ్ళు తోముకునేటప్పుడే డోకు వచ్చేవాళ్ళు, ఇదివరకు ఒకసారి నానా అవస్థా పడ్డవాళ్ళు, ఎవరైనా పట్టుకుని కదలనివ్వకపోతే హడలిపోయేవాళ్ళు మత్తు అడగడంలో నామోషీ ఏముంది? చూడటంతో ఆగకుండా రక్తనాళాలకి బ్యాండ్ వేయడం, పిత్తనాళంలో రాళ్ళు తీయడం లాంటివి చేయాలంటే మత్తు అవసరమవుతుంది. ఇంకో దారీ ఉంది. కొన్నిచోట్ల ముక్కులోంచి పంపే సన్నటి గొట్టం దొరుకుతుంది. దానికి డోకు తక్కువ. అడిగి చూడండి.

అడగాల్సినవి నాలుగే. నాకు చూడటం మాత్రమేనా, ఇంకేమైనా చేస్తారా? ఎంతసేపు? మత్తిస్తే ఏ మందు, ఎవరిస్తారు, ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? నా జబ్బులకీ, వాడే మందులకీ అది పడుతుందా? ఖర్చెంతో కూడా మొహమాటం లేకుండా అడగండి. మత్తు వద్దనుకుంటే ఒక ఒప్పందం చేసుకోండి. "తట్టుకోలేకపోతే చెయ్యెత్తుతాను, ఆపండి" అని. నోట్లో గొట్టం ఉన్నప్పుడు మాట రాదు కదా. ఆపించినా అది ఓటమి కాదు. మత్తుతో చేయించుకోవచ్చు, లేదా ఇంకో రోజు రావొచ్చు. అందుకే ఏ దారి ఎంచుకున్నా తోడు ఒకరిని తీసుకెళ్ళడం మేలు. అప్పుడు రెండో దారి మూసుకుపోదు.

ఈ రెంటిలో ఏదీ తేల్చుకోలేక పరీక్షే వాయిదా వేయడం అన్నిటికంటే చెడ్డది. అల్సర్ అంటే కారం తినడం వల్ల, ఆలోచనలెక్కువవడం వల్ల అనుకునే రోజులుండేవి. చాలా పుళ్ళకి మూలం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి అని బయటపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ క్రిమిని చంపే మందులున్నాయి. కాబట్టి ఏళ్ళ తరబడి గ్యాసనుకుంటూ జెలూసిల్ సీసాలు ఖాళీ చేయడం కాదు, కారణం తెలుసుకోవాలి. మింగుడు పడకపోవడం, రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎన్ని మందులు వాడినా రక్తం పట్టకపోవడం ఉంటే ఆలస్యం చేయకండి. ఐరన్ మాత్రలు వాడినా విరేచనం నల్లగా అవుతుంది, ఆ సంగతీ డాక్టరుకి చెప్పండి.

ఇంట్లోవాళ్ళకో మాట. ఆవిడకి మీరివ్వగలిగే మందు ఒకటుంది. "ఈ పూట కుక్కరు నేను పెడతాను, సెలవు పెట్టేశాను, డబ్బు సంగతి నువ్వాలోచించకు" అని ముందే చెప్పేయండి. అప్పుడు "మత్తొద్దు" అన్నా, "మత్తు కావాలి" అన్నా, అది ఆవిడ మనసులోంచి వచ్చిన మాటవుతుంది. డాక్టర్లకో మాట. దయచేసి పక్కనున్నాయన మొహం కాకుండా ఆవిడ మొహం చూసి అడగండి. రెండు నిమిషాలు పట్టదు.

అమ్మలూ, అక్కలూ, ఈసారి మీకు డాక్టరు ఆ చీటీ రాసిస్తే, తీసుకుని గబగబా లేచి రాకండి. కుర్చీలోనే ఇంకో రెండు నిమిషాలు కూర్చుని పైన చెప్పిన ప్రశ్నలు అడగండి. జవాబులు విన్నాక మీకేది నయమనిపిస్తే అది చెప్పండి. వంటిల్లు ఒక పూట ఆగుతుంది. ఆగదంటారా? ఆపి చూడండి.