ఏడో బోరు

నిరుడు ఎండాకాలం ఒక రాత్రి మా తమ్ముడి కొడుకు అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఏడ్చాడు. ప్రొద్దుటూరులో ఉద్యోగం చేసి దాచుకున్నదీ, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిందీ క్రిప్టోలో పోయింది. వరసగా తొమ్మిది ట్రేడ్లు నష్టం. డబ్బు కట్టి చేరిన టెలిగ్రాం గ్రూపులో గురువును అడిగితే వచ్చిన జవాబు నాకు చూపించాడు. మార్కెట్ తప్పేం లేదట, తప్పంతా నీ మైండ్‌సెట్‌దేనట. భయాన్ని జయించు, పదో ట్రేడ్‌కు సిద్ధం కా!

ఆ మెసేజ్ చదివినప్పటి నుంచి నా కడుపు మండుతూనే ఉంది.

ఈ గొంతు నాకు చిన్నప్పుడే తెలుసు. నీళ్ల జాడ చెప్పడానికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని మా చేను తిరిగినాయన ఇట్లే మాట్లాడేవాడు. ఆరు బోర్లు ఎండినాక కూడా "గుండె దిటవు చేసుకోన్నా, ఇంకో నూరడుగులు దింపితే గంగే" అన్నాడు. ఏడో బోరుకు మా అమ్మ కమ్మలు పోయాయి. తెల్లవార్లూ రిగ్గు రాతిపొడి ఎగజిమ్మింది. నీళ్లు పడినా పడకున్నా రిగ్గు లారీకి అడుగుకింతని లెక్క. క్రిప్టో ఎక్స్‌ఛేంజీకీ అంతే, గెలిచినా ఓడినా ప్రతి ట్రేడ్‌కూ ఫీజు. జనాన్ని చేర్పించే గురువులకు అందులోంచి కమిషన్. నువ్వు ఆగితే వాళ్ల పొయ్యి ఆరుతుంది. అందుకే నీకు ధైర్యం నూరిపోస్తారు.

మా నాయనకైనా కళ్లెదుట చీనీ చెట్లు ఎండుతున్నాయి. ఈ పిల్లలకు ఏం ఎండుతోందని?

తొలకరి పడితే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి ఎర్రనేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఒకరికి రాయి దొరికితే పేపరుకెక్కుతుంది. చెట్ల కింద పడుకుని, వట్టి చేతులతో బస్సెక్కిన వందలమంది గురించి ఎవరు రాశారు? గ్రూపుల్లో తిరిగే లాభాల స్క్రీన్‌షాట్లూ ఆ ఒక్క రాయి లాంటివే.

2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్‌కు కాపలా కాసే సెబీ లెక్క తేల్చింది. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 93 శాతం నష్టపోయారు. ఆ నష్టపోయినవాళ్లలో, వరసగా నష్టపోతూ కూడా ఆట మానని వాళ్లు నాలుగింట మూడు వంతులకు పైనే. అది నిఘా ఉన్న షేర్ మార్కెట్ సంగతి. క్రిప్టోలో పది రెట్ల లివరేజి తీసుకుంటే, అంటే అప్పు కలిపి నీ సొమ్ముకు పది రెట్లు ఆడితే, ధర పది శాతం ఎదురు తిరగకముందే నీ సొమ్ము మాయం. 2022 మేలో 80 డాలర్ల లూనా కాయిన్ వారం తిరిగేసరికి పైసాకు కొరగాకుండా పోయింది. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ ఎక్స్‌ఛేంజీ నుంచి దాదాపు 2,000 కోట్ల రూపాయల క్రిప్టోను దొంగలు ఊడ్చుకుపోయారు. ఏ మనోనిబ్బరం ఆపగలిగింది దాన్ని?

పారేసుకున్న చోటే వెతుక్కోవాలంటారు. చేనులో ఉంగరం పడిపోతే చేనులోనే ఉంటుంది, వెతకొచ్చు. ఈ డబ్బు అక్కడ లేదు, ఇంకొకడి ఖాతాకు చేరిపోయింది. పైగా 2022 ఏప్రిల్ నుంచి మన చట్టం ప్రకారం క్రిప్టో నష్టాన్ని క్రిప్టో లాభంలోంచి కూడా తీసెయ్యడానికి లేదు. ఒక కాయిన్‌లో లక్ష పోగొట్టుకుని, ఇంకో కాయిన్‌లో లక్ష సంపాదించావనుకో. చేతికి మిగిలింది సున్నా. పన్ను మాత్రం సెస్సుతో కలిపి 31,200. ఈ ఒక్క లెక్క చెప్పిన గురువును చూపించండి నాకు!

వరసగా ఓడినప్పుడు పుట్టే భయం జబ్బు కాదు. చెయ్యి కాలితే వెనక్కి లాగినట్టు, ఒళ్లు నిన్ను కాపాడుకుంటోంది. దాన్ని చంపుకోమని నేర్పడం దుర్మార్గం. మగోడు ఏడవకూడదన్న మన సీమ పౌరుషం ఈ గురువులకు బాగా కలిసొచ్చింది. నష్టాన్ని దాచిన ప్రతి రాత్రీ ఇంకో అప్పు పుడుతుంది. పిల్లల్ని ఏడవనీయండి. ఇంట్లో ఎవరికైనా అంకె చెప్పనీయండి. చచ్చిపోవాలనిపిస్తే 14416కు ఫోన్ చెయ్యొచ్చు, అది టెలీ మానస్, పైసా ఖర్చు లేదు. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో మానసిక డాక్టర్లున్నారు.

ఆ రాత్రి మా మరదలు కేకలెయ్యలేదు. గోడ మీది క్యాలెండర్ తీసి వెనక్కి తిప్పి, పెన్ను పట్టుకుని కూర్చుంది. ఎవరికెంత, వడ్డీ ఎంత? వాడు చెబుతుంటే ఒక్కొక్కటే రాసింది. మొత్తం ఆరున్నర లక్షలు.

"ఇంతేనా, ఇంకేమన్నా దాచినావా?" అంది.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. "ఇంకో నలభై వేలుందిమా."

అదీ రాసింది.