గాలిమర మీద బొమ్మ ఎవరిది?

ఈ మధ్య ఒక కొత్త మాట వింటున్నాం. గాలిమరల స్తంభాలు బోసిగా ఉన్నాయట. వాటిమీద స్థానిక సంస్కృతి ఉట్టిపడేలా బొమ్మలు వేస్తే కంటికి ఇంపుగా ఉంటాయట. జనం కూడా వాటిని సొంతం చేసుకుంటారట. కొండల్లో స్థానిక సంస్కృతి అంటే మనదే. బొమ్మలు కావలసినప్పుడు మనం గుర్తొస్తాం. భూమి కొలిచేటప్పుడు మాత్రం గుర్తుకు రాం.

రాయలసీమ మెట్టల్లో గాలిమరలు ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయి. మన మన్యం వైపు పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు వస్తున్నాయి. యంత్రం ఏదైనా రేపు దాని గోడకు మన బొమ్మే కావాలంటారు. అందుకే ఇప్పుడే మాట్లాడుకోవాలి.

మా బడి సంగతే చెబుతాం. పట్నం నుంచి వచ్చిన పెయింటర్ ప్రహరీ మీద థింసా బొమ్మ వేసి వెళ్ళాడు. తలకు ఈకలు, నడుముకు ఆకులు! మూడో తరగతి పిల్ల చూసి, "సార్, వీళ్ళు ఏ ఊరోళ్ళు?" అని అడిగింది. తుడుం మోగితే ఆ పిల్ల నాయనమ్మ ఇప్పటికీ చీరకట్టుతో వరసలో నిలబడి థింసా ఆడుతుంది. పిల్లకు తన నాయనమ్మే ఆ గోడ మీద కనబడలేదు. మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే ఈ తప్పు జరిగేది కాదు. అడగనివ్వకుండా ఊరుకున్న తప్పు మాదీ.

సవరల బొమ్మలు చూడండి. ఎర్రమట్టి పూసిన గోడమీద బియ్యప్పిండి నీళ్ళతో వేస్తారు. ఒడిశా సవరలు ఇడితల్ అంటారు. పోయిన పెద్దల కోసం, జబ్బు తగ్గాలని, పంట బాగుండాలని వేసేవి అవి. పూజతో కలిసిన పని. వెరియర్ ఎల్విన్ 1950లలో అచ్చువేసిన పుస్తకాల్లో రైలు, విమానం ఉన్న సవర బొమ్మల ప్రస్తావన కూడా ఉంది. కొత్తదాన్ని చూసి జడిసే కళ కాదు మనది. రేపు సవరలు తమ గోడమీద గాలిమరనూ గీయవచ్చు. దాన్ని ఏ దేవత పక్కన నిలబెట్టాలో, అసలు నిలబెట్టాలో వద్దో వాళ్ళే తేల్చుకుంటారు. ఆ గోడమీది దేవతను ఊడదీసి కంపెనీ స్తంభానికి అతికించడం మాత్రం వేరే పని.

నార్వేలో కొందరు సామీ ఆదివాసులు రెయిన్‌డీర్లను మేపుకుని బతుకుతారు. ఫోసెన్‌లో వాళ్ళ మేత భూముల్లో 151 గాలిమరలు పెట్టారు. ఇది సామీల సాంస్కృతిక హక్కుకు భంగమని 2021 అక్టోబరు 11న ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినా గాలిమరలు ఆగలేదు. 2023 ఫిబ్రవరిలో సామీ యువత రాజధానిలో మంత్రిత్వశాఖ కార్యాలయంలో బైఠాయించింది. నిరసనలో తమ సంప్రదాయ దుస్తుల్ని తిరగేసి తొడుక్కున్నారు. ఆ గాలిమరలకు సామీ రంగులు పూస్తే మేత తిరిగొస్తుందా? సంస్కృతి మేతలో ఉంది. మందను తోలుకుపోయే దారిలో ఉంది.

మనకూ చట్టం ఉంది. 1996 పెసా చట్టం సెక్షన్ 4(డి) ప్రకారం ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభది. బొమ్మనూ కొండనూ ఆ సెక్షన్ ఒకే వాక్యంలో పెట్టింది. వాటిని విడదీసి, బొమ్మ గురించి మాత్రమే మన దగ్గరికి వస్తే ఒప్పుకోవద్దు. భూమికి పట్టా ఉందా, అటవీ హక్కుల దరఖాస్తు ఏమైంది, నీళ్ళు ఎటు పోతాయి, ఈ కరెంటు మన ఊరికి వస్తుందా? ముందు వీటికి జవాబు చెప్పాలి. గ్రామసభ వద్దంటే అక్కడితో ఆగాలి. సరేనంటే అప్పుడు బొమ్మ మాట. ఏది వేయవచ్చో, ఏది ఇంట్లోనే ఉండాలో పెద్దలు చెబుతారు. వేసేది మనవాళ్ళు కావాలి. కూలి కాకుండా కళాకారులకిచ్చే ప్రతిఫలం ఇవ్వాలి. కింద వాళ్ళ పేరు, ఊరు పేరు ఉండాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, తోటి టీచర్లూ! మీ ఊళ్ళో ఏ బొమ్మ ఎందుకు వేస్తారో పెద్దల్ని అడిగి రాసిపెట్టండి. మనకే తెలియకపోతే పెయింటర్‌కు ఏం చెబుతాం?

మా బడి ప్రహరీకి సున్నం కొట్టించాం. ఈసారి ఏం వేయాలో ఆ పిల్ల నాయనమ్మను పిలిచి అడుగుతాం.