ప్లేటు మీదే ఉంది లెక్క!

రావులపాలెం దగ్గర వంతెన దిగుతూ బ్రేకు పట్టగానే బండి ముందు చక్రం వణికింది. మళ్లీ పట్టినా అంతే, హ్యాండిల్ చేతుల్లో కొట్టుకుంటోంది. అమలాపురం నుంచి రాజమండ్రికి రోజూ బండి మీదే ఉద్యోగానికి వెళ్లొచ్చే మనిషికి ఇంతకంటే బెంగ ఏముంటుంది? సాయంత్రం షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ చక్రం ఓసారి తిప్పి చూసి తేల్చేశాడు.

'డిస్క్ ప్లేటు వంగిందండి. కొత్తదెందుకండీ, లేతుకిచ్చి రెండువైపులా సాపు చేయించేద్దాం. ఖర్చు కలిసొస్తాది.'

చవగ్గా అయిపోతుందంటే ఎవరికైనా ఆశే. కానీ సరే అనేముందు ప్లేటుని ఒకసారి తుడిచి చూడాలి. బోల్టుల దగ్గరో, లోపలి అంచు మీదో చిన్న అక్షరాలు చెక్కి ఉంటాయి. 'మినిమమ్ థిక్‌నెస్' అనే మాటకి పొట్టిగా 'మిన్ టీహెచ్' అనీ, పక్కనే ఒక అంకే కనిపిస్తాయి. అంతకంటే పలచబడితే ఆ ప్లేటు బండికి పనికిరాదని దాని అర్థం. కొత్తగా ఉన్నప్పుడు 4 మిల్లీమీటర్లుండే ప్లేటు మీద 3.5 అని ఉందనుకోండి, దాని ఆయుష్షంతా కలిపి అర మిల్లీమీటరే! వేల కిలోమీటర్లు తిరిగి అందులో సగం ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. ఇక లేతు మీద రెండువైపులా గీకితే మిగిలేదెంత? కారు డిస్కులు మందంగా ఉంటాయి కాబట్టి వాటికి ఈ వైద్యం కొంతవరకు చెల్లుతుంది. మోటార్ సైకిల్‌కి చెల్లదు.

పలచబడిన ప్లేటు పైకి నున్నగా, తళతళలాడుతూనే ఉంటుంది. అసలు ప్రమాదం అక్కడే. బ్రేకు పట్టినప్పుడు పుట్టే వేడినంతా మింగాల్సింది ఆ ఇనుమే. ఇనుము తగ్గితే త్వరగా కాగుతుంది, వంగుతుంది, రంధ్రాల దగ్గర పగుళ్లిస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు అందుకోవడం అర సెకను ఆలస్యమైతే చాలు, ఎనిమిది మీటర్లు దాటిపోయినట్టే. కాలవగట్టు మలుపులో అడ్డంగా గేదె నిలబడి ఉంటే ఆ ఎనిమిది మీటర్లు ఎక్కణ్నుంచి తెస్తారు?

మందం కొలవడంలోనూ ఓ తిరకాసుంది. ప్యాడ్లు రాసుకునే మేర ప్లేటు అరుగుతుంది, బయటి అంచు మాత్రం అరక్కుండా గట్టులా మిగిలిపోతుంది. వెర్నియర్‌తో అంచు పట్టి కొలిస్తే ఆ గట్టు కొలతే వస్తుంది, ప్లేటు బాగానే ఉందనిపిస్తుంది. మైక్రోమీటరుతో అరిగిన జాడలోనే నాలుగైదు చోట్ల కొలవాలి. మైక్రోమీటరు ఎక్కడ దొరుకుతుందంటారా? లేతు షాపులోనే! అక్కడికి వెళ్లాల్సింది గీకించడానికి కాదు, కొలిపించడానికి.

కొలిస్తే మందం సరిగానే ఉంది, అయినా బండి వణుకుతోంది. అప్పుడేం చేయాలి? ప్లేటు మీద నేరం మోపేముందు కాలిపర్ విప్పించండి. డెల్టా బురద సామాన్యమైనది కాదు. చేలోంచి ట్రాక్టరు చక్రాలు రోడ్డు మీదకి తెచ్చిన రేగడి మట్టి కాలిపర్ సందుల్లో ఎండి బిగుసుకుపోతుంది. కాలిపర్ జారాల్సిన పిన్నులు పట్టేస్తాయి. ఒక ప్యాడు ఎప్పుడూ ప్లేటుని రాసుకుంటూనే ఉంటుంది. సఖినేటిపల్లి-నరసాపురం రేవులో పంటు మీద గోదావరి దాటేవాళ్ల బండ్లకయితే సముద్రపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. పిన్నులు శుభ్రం చేయించి, వాటికి తగిన గ్రీజు పెట్టిస్తే కొన్నిసార్లు వణుకు అక్కడితో పోతుంది. చక్రం బేరింగు, హ్యాండిల్ కోన్‌సెట్ లూజుగా ఉన్నా ఇలాగే వణుకుతుంది. ఇవన్నీ చూడకుండా కొత్త ప్లేటు వేస్తే డబ్బూ పోతుంది, వణుకూ మిగులుతుంది.

ప్లేటు నిజంగానే అరిగిపోయిందని తేలితే పాతదాన్ని చేత్తో పట్టుకునే దుకాణానికి వెళ్లండి. ఒకే పేరున్న బండికి ఏడాది మారితే ప్లేటూ మారిపోవచ్చు. పాతదాని మీద కొత్తది పెట్టి చుట్టుకొలత, బోల్టు రంధ్రాలు, మధ్యలో లోతు సరిపోయాయో లేదో చూసుకోవాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అలాంటి బండికయితే సెన్సర్ రింగు ఎక్కడుందో, కొత్త ప్లేటుతో అది సరిగ్గా కూర్చుంటుందో లేదో కూడా అడగాలి. పూరేకుల్లా అంచులు కోసిన ప్లేట్లు కుర్రకారుకి మోజు. అందం సంగతి సరే, దాని మీద కనీస మందం అంకె ఉందా లేదా అన్నది ముందు చూడాలి. అంకె లేని ప్లేటు ఎంత చవకైనా వద్దు.

కొత్త ప్లేటుకి పాత ప్యాడ్లు వేయొద్దు. పాత చాళ్లకి అలవాటుపడ్డ ప్యాడు కొత్త ప్లేటు మీద సమంగా ఆనదు. తుప్పు పట్టకుండా కంపెనీ పూసిన నూనెని బ్రేక్ క్లీనర్‌తో తుడిచాకే బిగించాలి. బోల్టులు ఎదురెదురుగా, సమంగా బిగించాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు బ్రేకు మెత్తగా వాడుకోవాలి. నీళ్ల సర్వీసింగ్ అయ్యాక మెరుపు కోసం బండంతా డీజిలో, ఆయిలో కొట్టే కుర్రాడుంటే, 'బాబూ, డిస్కు మీద మాత్రం కొట్టకు' అని ముందే చెప్పాలి. ప్యాడు ఒకసారి నూనె తాగిందంటే మార్చడమే దారి.

విప్పిన పాత ప్లేటుని షెడ్డులో వదిలి వచ్చేయకండి. నున్నగా ఉంది కదా అని రేపు ఇంకెవరి బండికో ఎక్కొచ్చు. పాత ఇనుముకి వేసేముందు దాన్ని ఓ చోట అడ్డంగా కోయించేయండి.