పాత సైకిలుకి తూకమేనా రేటు?

మా ఆఫీసులో ఓ మిత్రుడున్నాడు. 1981లో అమెరికాలో వచ్చిన స్టంప్‌జంపర్ మౌంటెన్ బైకు అమ్మకానికి కనిపిస్తే చాలు.. సీరియల్ నంబరెంత, బ్రేకులు ఒరిజినలేనా అని వంద ప్రశ్నలేస్తాడు. అదే మనిషి మొన్న నాతో, "మీ అనంతపురం పల్లెల్లో పాత సైకిళ్ళు ఇనప సామాన్ల రేటుకే దొరుకుతాయంటగా, ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒకటి పట్రా మామా, బాల్కనీలో పెట్టుకుంటా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకే దిక్కులేని నేల మాది. పంట ఎండిపోతుంది గానీ ఇనుము అంత త్వరగా తుప్పు పట్టదు. అందుకే మా జేజినాయన శెనక్కాయ మూటలు మోసిన సైకిలు ఇంకా ఉంది. దాన్ని కిలోల్లెక్కన అడగడమేంటండీ?

ముందు అదేంటో చూడండి. ర్యాలీ అని ఉంటే ఇంగ్లండుదేనని గంతెయ్యకండి, అసన్సోల్లో సేన్-ర్యాలీ వాళ్ళూ ఆ పేరుతో చేశారు. హెర్క్యులిస్ అయితే మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ చేసింది కావొచ్చు. వెనక చక్రానికి స్టర్మీ-ఆర్చర్ గేర్ల హబ్బుంటే మసి తుడవండి. "56 3" అని కనిపిస్తే, ఆ హబ్బు 1956 మార్చిది. (చక్రం తర్వాత మార్చి ఉండొచ్చు, ఫ్రేము కూడా చూడాలి.) పాత రంగు, బ్యాడ్జి, అసలు సామాను ఎంత మిగిలుంటే అంత విలువ. కొత్త రంగేస్తే విలువ పెరగదు, తగ్గుతుంది.

ఇవన్నీ తెలిసీ, అమ్మే పెద్దాయనకి ఒక్క ముక్క చెప్పకుండా తూకానికి కొంటే అది బేరం కాదు, మోసం. చెప్పి కొనండి.. లేదా మానేయండి.

మా జేజినాయనది మాత్రం అమ్మకానికి లేదు!