కీళ్లవాతానికి స్టెమ్‌సెల్ చికిత్స: లక్షలు కట్టే ముందు ఇవి తెలుసుకోండి

ఫోన్‌లో ఒక్కసారి ‘కీళ్లవాతం’ అని వెతికి చూడండి. ఆ తర్వాత కొన్ని రోజుల పాటు మీ ఫీడ్‌లో స్టెమ్‌సెల్ క్లినిక్‌ల వీడియోలు వస్తూనే ఉంటాయి. ఆపరేషన్ లేదు, జీవితాంతం మాత్రలు మింగక్కర్లేదు, మీ కణాలతోనే మీ కీళ్లు బాగవుతాయి అన్నది వాటి సారాంశం. ఏళ్ల తరబడి నొప్పితో ఉన్నవాళ్లకు ఆ మాట ఎంత ఆశ కలిగిస్తుందో చెప్పనక్కర్లేదు. అందుకోసం బంగారం తాకట్టు పెట్టడానికైనా సిద్ధపడే కుటుంబాలుంటాయి.

మరి ఈ చికిత్సకు మన దేశంలో అనుమతి ఉందా? బీమా వర్తిస్తుందా? పరిశోధనలు ఏం తేల్చాయి? ఒక్కొక్కటిగా చూద్దాం.

మీది వాతమా, అరుగుదలా?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. వయసు పెరిగే కొద్దీ ‘మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది’ అంటామే, అది ఆస్టియో ఆర్థ్రయిటిస్. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్, అంటే కీళ్లవాతం, వేరు. ఇందులో మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున కీళ్ల లోపలి పొరపై దాడి చేస్తుంది. సాధారణంగా రెండు చేతుల వేళ్లు, మణికట్లు, పాదాల చిన్న కీళ్లు వాస్తాయి. ఉదయం లేచాక గంటసేపు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు బిగుసుకుపోతాయి. ఇది ముప్పై, నలభై ఏళ్లవాళ్లకూ వస్తుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, ప్రకటనల్లో ఈ రెండింటినీ కలిపేస్తారు. బెంగళూరుకు చెందిన స్టెమ్‌ప్యూటిక్స్ సంస్థ తయారుచేసిన స్టెమ్‌సెల్ మందుకు 2022లో మోకాళ్ల అరుగుదల విషయంలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది. ‘ప్రభుత్వమే ఒప్పుకుంది’ అని ఎవరైనా ఆ వార్త చూపిస్తే, అది అరుగుదలకు ఇచ్చిన అనుమతి అని గుర్తుపెట్టుకోండి. ఒక కంపెనీ తయారుచేసిన ఒక మందుకు ఇచ్చినదే తప్ప, వీధి చివరి క్లినిక్‌లో కలిపి ఇచ్చే ఇంజెక్షన్‌కు ఇచ్చినది కాదు. కీళ్లవాతానికి మన దేశంలో ఏ స్టెమ్‌సెల్ మందుకూ అనుమతి లేదు.

అసలు ఏం ఎక్కిస్తారు?

‘స్టెమ్‌సెల్’ అనే ఒకే పేరుతో చాలా రకాల చికిత్సలు అమ్ముడవుతున్నాయి. ఎముక మజ్జ నుంచో, పొట్ట కొవ్వు నుంచో తీసినవి కొన్ని. బొడ్డుతాడు నుంచి తీసి ల్యాబ్‌లో పెంచినవి ఇంకొన్ని. మన రక్తాన్నే యంత్రంలో తిప్పి తీసే పీఆర్‌పీని కూడా కొందరు ఇదే పేరుతో చెబుతారు. నిజానికి అందులో ఉండేది ప్లేట్‌లెట్లు, స్టెమ్‌సెల్స్ కాదు.

మజ్జ నుంచి తీసి అప్పటికప్పుడు ఎక్కించే పద్ధతిలోనూ ఒక చిక్కుంది. కీళ్ల చికిత్సలో చెప్పే మీసెంకైమల్ స్టెమ్‌సెల్స్ మజ్జలోని లక్ష కణాల్లో ఒకటి నుంచి పది వరకే ఉంటాయి. పైగా ఈ కణాలు కీలులోకి వెళ్లి కొత్త గుజ్జుగా మారిపోతాయన్నది ప్రచారంలో ఉన్న మాట. శాస్త్రవేత్తలు ఆశ పెట్టుకున్నది వేరే గుణం మీద. ఇవి విడుదల చేసే రసాయనాలు రోగనిరోధక వ్యవస్థ దూకుడును కొంత తగ్గిస్తాయి. కీళ్లవాతంలో వీటిని పరీక్షిస్తున్నది అందుకే.

పరిశోధనలు ఏం తేల్చాయి?

ఆశ పూర్తిగా ఉత్తిది కాదు. మందులకు లొంగని కీళ్లవాతం ఉన్న 53 మందిపై యూరప్‌లో జరిగిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. కొవ్వు నుంచి తీసి పెంచిన కణాలను కొందరికి, ఉత్తుత్తి మందును మరికొందరికి ఇచ్చి 6 నెలలు గమనించారు. కణాలు తీసుకున్నవాళ్లలో కొంత మెరుగుదల సూచనలు కనిపించాయి. అయితే ఆ అధ్యయనం ప్రధానంగా భద్రతను చూడటానికి చేసింది. ఈ చికిత్స కచ్చితంగా పనిచేస్తుందని తేల్చడానికి 53 మంది, 6 నెలలు సరిపోవు.

రెండో రకం, రక్త మూలకణాల మార్పిడి. గట్టి కీమోథెరపీతో రోగనిరోధక వ్యవస్థను అణచి, రోగి మూలకణాలనే తిరిగి ఎక్కిస్తారు. దీన్ని 1990లలోనే కీళ్లవాతంపై ప్రయత్నించారు. మొదట్లో చాలామందికి ఉపశమనం దొరికినా, ఎక్కువమందిలో జబ్బు తిరగబెట్టింది. ఈలోగా బయోలాజిక్ మందులు రావడంతో ఈ దారి దాదాపు మూసుకుపోయింది. ఇదే పద్ధతిని చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా అనే జబ్బులో వాడితే దీర్ఘకాలంలో ప్రాణాలు నిలుస్తున్నాయని 2014లో వెలువడిన యూరప్ అధ్యయనం చెప్పింది. కానీ అందులో ఈ చికిత్సకు ఎంపికైన 79 మందిలో 8 మంది మొదటి ఏడాదిలోనే చికిత్స కారణంగా చనిపోయారు. అంటే ఇది సాయంత్రానికి ఇంటికి పంపించే చికిత్స కాదు.

‘మరి వీడియోల్లో బాగయ్యామని చెప్పేవాళ్లో?’ అని మీరు అడగొచ్చు. వాళ్లు అబద్ధమే చెబుతున్నారని అనలేం. కీళ్లవాతం తీరే అంత. కొన్ని నెలలు ఉధృతంగా ఉండి, కొన్ని నెలలు తగ్గుతుంది. నొప్పి భరించలేనప్పుడే మనం కొత్త చికిత్సకు వెళ్తాం కాబట్టి, తర్వాత తగ్గింది దేనివల్లో చెప్పడం కష్టం. ఇంజెక్షన్‌తో పాటు స్టెరాయిడ్ ఇస్తే కొన్ని వారాలు హాయిగానే ఉంటుంది. అందుకే పోల్చి చూసే అధ్యయనం కావాలి.

చట్టం ఏమంటోంది?

భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో మార్గదర్శకాలు ఇచ్చాయి. వాటి ప్రకారం రక్త సంబంధ జబ్బుల్లో చేసే మూలకణాల మార్పిడి మాత్రమే ఆమోదించిన చికిత్స. మిగతావన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో భాగంగానే జరగాలి. 2007 నాటి మార్గదర్శకాల పేరులో ‘పరిశోధన, చికిత్స’ అని ఉండేది. 2013లో ‘చికిత్స’ అన్న మాట తీసేశారు. దాన్ని చూపించి ఎవరూ వైద్యం అమ్ముకోకూడదన్నదే ఉద్దేశం.

2019 కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు స్టెమ్‌సెల్ ఉత్పత్తులను ‘కొత్త ఔషధం’గా లెక్కిస్తాయి. అంటే ముందస్తు అనుమతి తప్పనిసరి. ‘మీ కణాలే మీకు ఎక్కిస్తున్నాం, ఇది మందు కాదు కదా’ అని కొన్ని క్లినిక్‌లు వాదిస్తాయి. మార్గదర్శకాలు ఈ వాదనకు తావివ్వలేదు. ఎవరి కణాలైనా, రుజువు కాని వాడకం ట్రయల్ పరిధిలోనే ఉండాలి.

ప్రకటనల సంగతీ అంతే. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం షెడ్యూల్‌లో రుమాటిజం కూడా ఉంది. దాన్ని నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడం నిషిద్ధం.

మీ కణాలే కదా, ప్రమాదమేంటి?

కణం బయటకు తీసి, శుద్ధిచేసి, మళ్లీ లోపలికి పంపే ప్రతి అంచెలోనూ బ్యాక్టీరియా చేరే అవకాశం ఉంది. 2018లో అమెరికాలో బొడ్డుతాడు రక్తం నుంచి తీసినవంటూ ఇచ్చిన ఇంజెక్షన్ల వల్ల 12 మందికి రక్తంలో, కీళ్లలో ఇన్ఫెక్షన్లు వచ్చి ఆస్పత్రుల్లో చేరాల్సి వచ్చింది. కీళ్లవాతం మందులు వాడేవాళ్లకు ఇన్ఫెక్షన్ ముప్పు మామూలుగానే కొంత ఎక్కువ.

దీనికన్నా పెద్ద నష్టం కాలం. కీళ్లవాతంలో మొదటి రెండేళ్లు కీలకం. ఆ సమయంలో వాపును అదుపు చేయకపోతే ఎముక కోసుకుపోయి వేళ్లు వంకర పోతాయి. ఒకసారి వంకరపోయిన వేలిని ఏ మందూ తిరిగి నిటారు చేయలేదు. ‘ఇప్పుడు వాడుతున్న మందులు ఆపేసి రండి’ అని ఏ క్లినిక్ అయినా అంటే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

బీమా, ప్రభుత్వ పథకాలు

ఆరోగ్య బీమా కంపెనీలు తప్పక కవర్ చేయాల్సిన ఆధునిక చికిత్సల జాబితాను ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చింది. అందులో స్టెమ్‌సెల్ థెరపీ ఉంది. కానీ రక్త జబ్బుల్లో చేసే మజ్జ మార్పిడి వరకే. ‘క్లెయిమ్ చేసుకోవచ్చు’ అని క్లినిక్ చెబితే, డబ్బు కట్టకముందే బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ జబ్బుకు ఏ ప్యాకేజీ ఉందో నెట్‌వర్క్ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి.

ఈలోగా చేతిలో ఉన్న వైద్యం

కీళ్లవాతానికి చూపించుకోవాల్సింది రుమటాలజిస్టుకు. హైదరాబాద్ నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. చికిత్సకు వెన్నెముక లాంటి మెథోట్రెక్సేట్ అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది, ఖరీదూ తక్కువే. ఇది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. గర్భం కోసం ప్రయత్నిస్తుంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

దానితో తగ్గకపోతే బయోలాజిక్స్ ఉన్నాయి. ఒకప్పుడు వీటి ధర విని వెనుదిరిగేవారు. హైదరాబాద్ సంస్థ డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటుక్సిమాబ్‌కు, జైడస్ 2014లో అడాలిముమాబ్‌కు దేశీయ రూపాలు తెచ్చాక పోటీ పెరిగింది. వీటిని మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేయించడం మరవొద్దు. పదేళ్ల కిందట ఖరీదని వదిలేసుకున్నవాళ్లు ఇప్పుడు మళ్లీ అడిగి చూడటం మంచిది.

ట్రయల్‌లో చేరాలనుకుంటే

అది తప్పు కాదు. పరిశోధన ముందుకు సాగేది అలాగే. అయితే ఈ ప్రశ్నలు అడగండి:

• సీటీఆర్‌ఐ నమోదు సంఖ్య ఎంత? క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అందులో జబ్బు పేరు, ఆస్పత్రి పేరు మీకు చెప్పినవే ఉన్నాయా?

• ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం చూపిస్తారా? నమోదు ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

• నా దగ్గర డబ్బు తీసుకుంటారా? ట్రయల్‌లోని చికిత్సకు రోగి నుంచి వసూలు చేయకూడదు. ప్యాకేజీ ధర చెప్పారంటే అది ట్రయల్ కాదు.

• హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారు? నిబంధనల ప్రకారం ఆ బాధ్యత ట్రయల్ నిర్వహించేవారిదే. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే

రసీదులు, ప్రకటనల స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ సందేశాలు, ఎక్కించిన మందు వివరాలు దాచండి. డాక్టరుపై ఫిర్యాదును రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు, అనుమతి లేని మందుపై ఔషధ నియంత్రణ అధికారులకు ఇవ్వొచ్చు. డబ్బు విషయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌నూ ఆశ్రయించవచ్చు. ఇంజెక్షన్ తర్వాత జ్వరం, కీలు ఎర్రబడి కాలిపోతున్నట్టు ఉండటం కనిపిస్తే మాత్రం ఫిర్యాదు సంగతి తర్వాత, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.